వార్తల్లో నేర్చిన అరబ్బీ

మాది రాయచోటి. కువైట్‌లో, సల్వాలోని ఒక ఇంట్లో పనికి కుదిరినప్పుడు నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. యజమానురాలి తల్లిని పెద్ద మామా అని పిలుస్తాను; అక్కడ మామా అంటే అమ్మ. మధ్యాహ్నం రేడియో వార్తలు వినందే ఆవిడ అన్నం ముట్టదు. ఎన్నో ఏళ్ల అలవాటట. తినిపిస్తూ నేనూ వినేదాన్ని, అర్థం కానివి ఆవిడనే అడిగేదాన్ని. రెండేళ్లలో అరబ్బీ వచ్చేసింది. కానీ అది వార్తలు చదివే అరబ్బీ! ఇళ్లల్లో ఎవరూ అలా మాట్లాడరు. నేను నోరు తెరిస్తే ఆ ఇంటి పిల్లలు పడీపడీ నవ్వేవారు.

పోయినేడు ఒక రోజు, ఇంట్లో మేమిద్దరమే ఉండగా, పెద్ద మామా తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"సల్వా ప్రాంతంలోని ఒక నివాసంలో వృద్ధురాలు తీవ్ర అస్వస్థతకు గురయ్యారు."

 "ఆటలాడుతున్నావా?" అన్నాడు అవతలతను. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే బ్లాకు, వీధి, ఇంటి నంబరు అదే ధోరణిలో చెప్పాను. నా ఏడుపు విని నమ్మాడు కాబోలు, నిమిషాల్లో బండి వచ్చింది.

సంగతి విని మా డ్రైవర్ మస్తాన్, "అక్కా, నువ్వు ఫోన్ జేసినావా, వార్తలు సదివినావా?" అన్నాడు.

వారానికి పెద్ద మామా ఇల్లు చేరింది. మధ్యాహ్నం నేను రేడియో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈరోజు నువ్వు చదువు."

ఐదో తరగతితో బడి మానేసిన నేను గొంతు సవరించుకున్నాను.

"పెద్ద మామా క్షేమంగా ఇంటికి చేరుకున్నారు."

ఆ ఒక్క వార్తతో ముగించి, ముద్ద కలిపి ఆవిడ నోటికి అందించాను.