నాయన ఎడమ కిడ్నీ

మార్కాపురంలో స్కానింగ్ చేసే డాక్టరు నాయన ఎడమ నడుము మీద చల్లటి జెల్లు పూసి, చేతిలోని పరికరాన్ని పైకీ కిందికీ జరిపాడు. కాసేపు ఆగి, నాయనను బోర్లా పడుకోబెట్టి మళ్ళీ జరిపాడు. తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పెద్దాయనా, మీకు ఎప్పుడైనా కిడ్నీ తీసేశారా?"

నాయన తల తిప్పి నన్ను చూశాడు. "ఏందమ్మా ఈ సారు అడిగేది?"

"లేదండీ," అన్నాను నేను. "చాలా ఏళ్ళ కిందట అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. అంతే."

"ఎడమ కిడ్నీ దాని చోట కనపడటం లేదు. కుడిది కూడా కొంచెం దెబ్బతిన్నట్టుంది. ఇక్కడ తేలదు. సీటీ తీయించండి," అంటూ ఆయన చేతులు తుడుచుకుని తర్వాతి మనిషిని పిలిచాడు.

మేము వచ్చింది కాళ్ళ వాపుల కోసం. నాయన దొనకొండ వైపు మా ఊళ్ళో జీవాలు కాస్తాడు. గొర్రెల వెంట తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోతే, ఊరికి బండి మీద వచ్చే ఆర్‌ఎంపీ చేత ఏళ్ళ తరబడి నొప్పి సూదులు వేయించుకున్నాడు. ఆ ఎండాకాలం కాళ్ళు ఉబ్బాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఊళ్ళో అందరూ బోరు నీళ్ళను అనుమానించారు. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. నేను సూదులను అనుమానించాను. నేను మార్కాపురంలోనే ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఏటా కిడ్నీ బొమ్మ బోర్డు మీద గీస్తాను. ఒకటి ఎడమన, ఒకటి కుడిన, చివరి పక్కటెముకల చాటున, వెన్నెముకకు అటూ ఇటూ. ఆ బొమ్మలో ఒక పక్క ఖాళీగా ఉండటం నేనెప్పుడూ ఊహించలేదు.

ఊరికి పోయే బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బయటికి చూస్తూనే అన్నాడు.

"ఇన్నేండ్లు జీవాలను కాసినా, పండగలకు కోసినా. పొట్టేలుకైనా, మేకపోతుకైనా రెండే. కొవ్వులో పొదిగి పెట్టినట్టు పక్కపక్కన ఉంటయి. ఒక్కటున్న జీవాన్ని నేను చూడలా."

"కొందరికి పుట్టుకతోనే ఒకటి ఉంటుంది నాయనా. పుస్తకాల్లో ఉంది."

"పుస్తకాల్లో ఉంటది లేమ్మా." ఎడమ నడుము తడుముకున్నాడు. "ఆ పొద్దు నన్ను ఆపరేషన్‌కు తీసకపోయింది మీ మామ."

అంతకుమించి అనాల్సిన పని లేకపోయింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కురిచేడులో ఉంటాడు. కొంత పొలం, ఎరువుల దుకాణంలో పని. నాయనకు ఇరవై నాలుగు గంటల నొప్పి వచ్చిన రోజు, అపెండిక్స్‌ను మా వైపు అట్లాగే అంటారు, అమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. నేను చిన్నపిల్లను. మామే నాయనను రైలెక్కించి గుంటూరు తీసుకుపోయి, ఆపరేషన్ చేయించి, కుట్లు విప్పేదాకా అక్కడే ఉండి తీసుకొచ్చాడు. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళు ఆ కథ మామ మంచితనానికి సాక్ష్యంగా చెప్పుకున్నాం.

ఇప్పుడు అదే కథను అమ్మ వంటింట్లో కూర్చుని మరో రకంగా చెప్పడం మొదలుపెట్టింది. మార్కాపురంలో ఆసుపత్రులు లేవా, అంత దూరం ఎందుకు తీసుకుపోయినట్టు? కాగితాల మీద సంతకాలు పెట్టిందెవరు? అందరూ తొందరగానే ఇంటికొస్తారే, నాయన అన్నాళ్ళు ఎందుకు ఉండాల్సి వచ్చింది? ఆ ఏడాదే కదా వాడు పొలంలో బోరు వేయించింది?

"సొంత తమ్ముణ్ణి అట్ల అనుకుంటావా అమ్మా?" అన్నాను.

"నేను అనుకోవడం లా. అడుగుతా ఉండా, అంతే."

నాకు తెలిసిన శాస్త్రం నాకు చెబుతూనే ఉంది. నాయన మచ్చ కుడిపక్క, పొత్తికడుపు మీద, నా చిటికెన వేలంత. పోయిందంటున్నది ఎడమది. కిడ్నీ పేగుల వెనకాల, వీపు వైపు ఉంటుంది. దాన్ని తీయాలంటే నడుము దగ్గర పెద్ద గాటు పెడతారు. ఇదంతా తెలిసీ ఫోనులో వెతికాను. ముందువైపు నుంచి కూడా తీయవచ్చని ఎక్కడో రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చాలింది. మరునాడు నాయన స్నానం చేసి వస్తుంటే, ఆయన వీపు మీద గీత ఏదైనా ఉందా అని నా కళ్ళు వెతికాయి. అమ్మ కూడా అటే చూస్తోంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరం తల తిప్పుకున్నాం.

ఆ వారమే మామ వచ్చాడు. బావకు బాగాలేదని తెలిసి, సంచిలో బత్తాయిలు పట్టుకొచ్చాడు. వసారాలో చెప్పులు విడుస్తుండగానే అమ్మ అడిగేసింది.

"రేయ్, ఆ పొద్దు గుంటూరులో మీ బావకు ఏం కోసినారు?"

"అదేందక్కా? అపెండిక్స్ గదా."

"అదొకటేనా?"

మామకు అర్థం కాలేదు. నవ్వుతూ నాయన వైపు చూశాడు. నాయన కుక్కిమంచం నులకను వేలితో లాగుతూ తల దించుకున్నాడు. మామ నా వైపు తిరిగాడు. "ఏందమ్మాయ్, ఏం జరిగింది?"

స్కానింగ్ సంగతి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు మామూలుగా ఉండాలని ప్రయత్నించాను. ఉండలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. సంచి నెమ్మదిగా అరుగు మీద పెట్టాడు.

"అంటే నేను బావ కిడ్నీ అమ్ముకున్నా అంటారు."

"అట్ల ఎవరన్నారు?" అంది అమ్మ.

"నువ్వే అన్నావక్కా. నోటితో అనలా, అంతే." చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. "ఆ పెద్ద స్కానింగ్ ఎప్పుడు తీయిస్తారో చెప్పండి. నేనూ వస్తా. డాక్టరు ఏం చెప్పినా నా ముందర చెప్పాల."

దొనకొండలో నేనూ నాయనా గుంటూరు రైలెక్కాం. కురిచేడులో మామ ఎక్కాడు. ఎదురు సీట్లో కూర్చున్నాడు. వినుకొండ దాటాక ఒకసారి నాయనకు దగ్గు వస్తే మామ నీళ్ళ సీసా తీసి, ఇవ్వబోయి, ముందు నాకిచ్చాడు. నేను నాయనకిచ్చాను. అంత చిన్న సంగతి ఆ రోజంతా నన్ను తొలిచింది.

కిడ్నీల డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. సీటీ బొమ్మలు తెర మీద పెట్టి, మా ముగ్గురి ముఖాలూ చూసి, "ఏంటి, కోర్టుకు వచ్చినట్టు కూర్చున్నారు?" అంది. మామే చెప్పాడు, దాచకుండా.

"నేను ఈయన్ను ఆపరేషన్‌కు తెచ్చినానమ్మా. ఇప్పుడు ఒక కిడ్నీ లేదంటున్నారు. ఎవరు తీసుకున్నారో మీరే చెప్పాల."

ఆమె నవ్వలేదు. పెన్సిల్ తీసుకుని తెర మీద నడుము దగ్గర చూపించింది. కుడివైపు కిడ్నీ ఉంది. ఎడమవైపు లేదు. తర్వాత పెన్సిల్ కిందికి, కిందికి జరిపింది. పొత్తికడుపులో, మూత్రాశయానికి కొంచెం పైన, వెన్నెముక చివరను ఆనుకుని ఒక ముద్ద. చిక్కుడు గింజలా లేదు. నొక్కి చదును చేసిన పిండిముద్దలా ఉంది.

"ఇదే మీ ఎడమ కిడ్నీ, పెద్దాయనా. ఎవరూ తీయలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు రెండు కిడ్నీలూ ఈ కిందే తయారవుతాయి. బిడ్డ పెరిగేకొద్దీ మెల్లగా పైకెక్కి పక్కటెముకల కింద కుదురుకుంటాయి. మీకు ఒకటి ఎక్కింది. ఒకటి పుట్టినచోటే ఉండిపోయింది."

"మరి అప్పుడు కోసినోళ్ళకు కనపళ్ళేదా అమ్మా?" మామ అడిగాడు.

"వాళ్ళు కుడిపక్క చిన్న గాటు పెట్టి పేగు తోక తీశారు. ఎడమపక్క, పేగుల వెనకాల ఉన్నదాన్ని ఎందుకు వెతుకుతారు?"

నాయన తెరకు బాగా దగ్గరగా వంగి చూశాడు. "అది నాదేనా?"

"నీది కాక నాదా బావా?" అన్నాడు మామ. అని, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

పిండం సంగతి నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అంత తెలిసినదాన్ని మా వసారాలో ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు.

డాక్టరమ్మ అసలు జబ్బు సంగతి తర్వాత చెప్పింది. కిందున్నది మొదటి నుంచీ చిన్నదే, పని తక్కువ చేసేది. పైనున్నది సూదులకూ బిళ్ళలకూ దెబ్బతింది. రక్తాన్ని వడగట్టే సన్నటి జల్లెళ్ళు చాలావరకు పూడిపోయాయి. అందుకే ఉప్పూ నీరూ బయటికి పోక కాళ్ళలో నిలిచాయి. మనం తిన్న తిండి నుంచి రోజూ కొంత ఆమ్లం రక్తంలో చేరుతుంది. దాన్ని మూత్రంలో పారబోసి, రక్తానికి కావలసిన క్షారాన్ని వెనక్కి దాచిపెట్టేది కిడ్నీయే. అది చేయలేకపోతే ఊపిరితిత్తులు ఆ భారం మీదేసుకుని, గబగబా శ్వాస తీసి, గాలి రూపంలో కొంత బయటికి తోస్తాయి. నాయన ఆయాసంలో నీటి వంతు కొంత, ఈ ఆమ్లం వంతు కొంత ఉందని ఆమె చెప్పింది.

నొప్పి సూదులు పూర్తిగా మానమంది. ఊరగాయ మానమంది. నీరు దిగడానికి ఒక బిళ్ళ, బీపీకి ఒకటి, ఆమ్లం విరగడానికి సోడా బిళ్ళలు రాసింది.

ఇంటికొచ్చాక ఆ సోడా బిళ్ళల మీద కొత్త అనుమానం పుట్టింది. అమ్మ ఒకటి చితక్కొట్టి, నిమ్మకాయ పిండింది. బుసబుసా పొంగింది.

"ఇది బజ్జీల పిండిలో వేసేదే గదా! ఇంత దూరం పోయి వంటసోడా తెచ్చినారా?"

"అవునమ్మా, అదే," అన్నాను. "ఇప్పుడు నిమ్మరసం మీద ఏం చేసిందో నాయన రక్తంలోనూ అదే చేస్తుంది. పులుపును విరుస్తుంది. కిడ్నీ దాచిపెట్టాల్సిన క్షారాన్ని మనం పైనుంచి పోస్తున్నాం."

నాయన ఆ నురగ వంకే చూస్తూ కూర్చున్నాడు. చిత్రమేమిటంటే ఆ రోజు నుంచి ఆయన పేచీ లేకుండా మింగింది ఆ బిళ్ళ ఒక్కటే. "అదేందో నాకు తెలుసు," అనేవాడు. మిగతావాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, నేను రెండుసార్లు చెప్పాకే నోట్లో వేసుకునేవాడు. నెల తిరిగేసరికి కాళ్ళ వాపు దిగింది. ఆయాసం తగ్గింది. జీవాల వెంట పోనివ్వలేదు గానీ దొడ్డి దాకా నడిచేవాడు.

మామ మాత్రం రాలేదు. ఫోను చేస్తే అత్త ఎత్తేది. అమ్మ కొన్నాళ్ళు చూసి, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని కురిచేడు వెళ్ళింది. మామ పొలంలో మోటారు దగ్గర ఉన్నాడు. అమ్మ గట్టు మీదే కూర్చుంది.

"తప్పయింది రా. మనిషి పోతాడేమో అన్న భయంలో ఏదో అడిగినా."

"అడిగినందుకు కాదక్కా." మామ చేతుల బురద కడుక్కుంటూ అన్నాడు. "నువ్వు మొదటి రోజే ఫోను చేసి అడిగి ఉంటే, ఆ ఆసుపత్రి పేరు, బెడ్డు యాడుందో కూడా చెప్పేవాణ్ణి. మీరు ముగ్గురూ కూర్చుని అంతా తేల్చుకున్నాక అడిగినారు. బోరు సంగతి కూడా అనుకున్నారంట గదా."

అమ్మ ఏడ్చింది. మామ ఓదార్చలేదు. కసురుకోనూ లేదు. కాసేపటికి, "బావ ఉప్పు తింటా ఉండాడా, మానినాడా?" అని అడిగాడు. అక్కడి నుంచి మాటలు మెల్లగా సాగాయి.

ఇప్పుడు నాయనను రక్త పరీక్షలకు తీసుకుపోయేది మళ్ళీ మామే. ఫోను చేసి రోజు కనుక్కుంటాడు, కురిచేడు నుంచి బండి మీద వస్తాడు, నాయనను ఎక్కించుకుంటాడు. కానీ ఒక్కడే మాత్రం తీసుకుపోడు. నేనో అమ్మో బస్సులో వెనకే రావాలి. మేము వచ్చేదాకా ల్యాబ్ మెట్ల దగ్గరే నాయనను కూర్చోబెడతాడు, లోపలికి పోనివ్వడు. నాకు కాలేజీ ఉందని, ఒక్కసారి మీరే చూసుకోండి మామా అని బతిమాలాను.

"సెలవు పెట్టమ్మాయ్," అన్నాడు. "లేకుంటే ఇంకో రోజు పోదాం."