మాట్లాడని మేడమ్

ప్రెస్ మిషన్ కింద తోటి పనివాడి చెయ్యి నలిగినప్పుడు పక్కన నిలబడి ఉన్నది మా ఆయనే. ఆ తర్వాత ఆయన నాచారం ఫ్యాక్టరీ గేటు దాకా పోగలిగేవాడు గానీ మిషన్ ముందు నిలబడలేకపోయాడు. చేతులు వణికేవి. ఫ్యాక్టరీ వాళ్లు సెలవిచ్చి పట్నంలో ఒక దవాఖానాకు పంపారు. అక్కడి నుంచి ప్రతి గురువారం ఉప్పల్‌లోని మా ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు.

ఒకామె చిన్నపిల్ల. కోస్తా వైపు మాట. మనసు జబ్బుల గురించి చదువుతున్నదట. ప్రశ్నలన్నీ ఆమే అడిగేది. రెండో ఆమె పెద్ద మనిషి, నేత చీర, కళ్లద్దాలు. ఆమెను చిన్నామె మేడమ్ అనేది. మేడమ్ మాట్లాడేది కాదు. గడప పక్కన స్టూలు మీద కూర్చొని చూసేది. చాయ్ ఇస్తే చేత్తోనే వద్దనేది. ఆమె ఎందుకొస్తున్నదో మాకెవరూ చెప్పలేదు.

మా అత్త మొదటి రోజే తేల్చేసింది. అడిగే పిల్లది వేషమట. అసలు మనిషి ఆ మాట్లాడనామేనట. కొడుకుకు పిచ్చి అని చెప్పి పనిలోంచి తీసేయించడానికి ఫ్యాక్టరీయే పంపిందట. నాకూ అట్లనే అనిపించింది. పొయ్యి దగ్గర కూర్చొని, మేడమ్ కళ్లు ఎటు తిరిగితే అటు నేనూ చూసేదాన్ని. ఒకసారి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుతో నాకు ఇంకా గుబులు పట్టుకుంది.

అందుకని గురువారం వచ్చిందంటే అత్త ఆయనకు తలస్నానం చేయించి, ఉతికిన అంగీ తొడిగించి, మంచం మీద కూర్చోబెట్టి ఒళ్లో దుప్పటి కప్పేది. చేతులు దాని కింద. జవాబులన్నీ అత్తవే. నిద్ర పడుతోందా అంటే మస్తు పడుతుంది అనేది.

"తిండి సంగతి అడగకు బిడ్డా. వాడు కూసుంటే మాకు గంజి మిగులుతలేదు" అంది ఒకసారి. ఆ పిల్ల నవ్వింది. మా ఆయన తల ఊపాడు. మేడమ్ నవ్వలేదు.

కొన్ని వారాలకు ఆ పిల్ల సంతోషంగా లేచింది. ఆయన చాలా కుదుటపడ్డాడని, సోమవారం నుంచి పాత మిషన్ మీదికే పోతే మిగిలిన భయమూ పోతుందని, ఫ్యాక్టరీకి అదే చెబుతానని అంది. అత్త దేవుడి పటానికి దండం పెట్టింది. ఆ పొద్దున ముద్ద చేతిలో నిలవక జారిపోతుంటే నేనే కలిపి తినిపించాను. ఆ చేతులు పోయి మిషన్ కింద పెడతాడా?

వాళ్లు వెళ్లగానే నల్లా దగ్గరికని బిందె పట్టుకొని బయటపడ్డాను. బస్టాపు దగ్గర అందుకున్నాను. మేడమ్‌తోనే మాట్లాడాను. ఏదైనా ఆమె చేతిలోనే ఉందనుకున్నాను.

"అమ్మా, మీరు ఎవరి మనిషో నాకు తెల్వదు. ఆయన్ని మిషన్ కాడికి పంపకున్రి. చెయ్యి పోతది. అంగీ గుండీలు సుత నేనే పెడుతున్న."

ఆమె గొంతు అప్పుడే మొదటిసారి విన్నాను. "నేను మీ ఆయన్ని చూడటానికి రాలేదమ్మా. ఈ అమ్మాయి ఎట్లా అడుగుతుందో చూడటానికి వస్తున్నాను. ఆమెకు పని నేర్పేది నేనే."

నాకు ఒళ్లు మండింది. "అంటే మా ఆయన మీద పని నేర్సుకుంటున్నరా?"

"అవును. మొదటి రోజే మీకు చెప్పాల్సింది" అంది. చేతులు దుప్పటి కింద ఎందుకున్నాయని ఆ అమ్మాయి ఎప్పుడు అడుగుతుందా అని తాను చూస్తున్నానని కూడా చెప్పింది.

"ఎరుక ఉండి ఊకున్నరా?"

తను ఒప్పుకోనిదే ఏ మాటా ఫ్యాక్టరీకి పోదని, బస్సెక్కగానే ఆపేదాన్నని అంది. ఆపేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పిల్ల ముఖం నల్లబడింది. బస్సు వచ్చినా ఎక్కలేదు. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, నిద్ర, తిండి అని అడగడం మానేసి, "ఆయన పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పండక్కా" అంది. చెప్పాను. చెంబు ఎట్లా పట్టుకుంటాడో, ఇనుప తలుపు చప్పుడైతే ఎట్లా అదిరిపడతాడో, అన్నీ. ఇంకో బస్సు కూడా పోయింది. అంతా విన్నాక, మిషన్ వద్దని, ప్యాకింగ్‌లో వేయమని చెబుతానంది. పిచ్చి అని రాస్తావా అని అడిగాను. రాయనంది. రాసినా చదవడం నాకు అప్పటికి రాదు. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక.

ఇంటికి పోయాక అత్తకు ఏమీ చెప్పలేదు.

సోమవారం ఆయన డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చాడు. ప్యాకింగ్‌లోనే వేశారన్నాడు. నేను అంగీ విప్పించి వాసన చూశాను. మిషన్ నూనె వాసన లేదు. గడ్డి, గోనెపట్టా వాసన. మంగళవారం మళ్లీ చూశాను. ఆ నెలంతా చూస్తూనే ఉన్నాను.