టైలరమ్మ, మతిమరుపు కంప్యూటరు

ఆ వీధిలో టైలరమ్మ అంటే అందరికీ తెలుసు. మొండిఘటం అన్నా తెలుసు. ఆ రెండో పేరు పెట్టింది ఆవిడ బావగారు, అంటే మొగుడికి సొంత అన్న. బజారులో పెద్ద టైలరింగు షాపు ఆయనది. పెళ్ళయిన కొత్తలో ఈవిడ ఆ షాపులోనే ఓ మూల, గోడకు మొహం పెట్టి, స్టూలు మీద కూర్చుని ఏళ్ళ తరబడి కాజాలు కుట్టింది. కష్టం ఈవిడది, పేరు ఆయనది. ఓ రోజు కత్తెర సంచిలో వేసుకుని లేచి వచ్చేసి, ఇంటి ముందుగదిలో సొంతంగా ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చుంటే ఒట్టు అంది.

ఆ మిషనుకు డిజైన్లు పంపేది ఓ ముసలి కంప్యూటరు. మిషను కేబులు చివరి వెడల్పాటి ప్లగ్గు ఇప్పటి కంప్యూటర్లలో దేనికీ పట్టదు, దీనికే పడుతుంది. అలాంటిదాని డిస్కు కాస్తా పోయింది. మెకానిక్కు కొత్త డిస్కు బిగించి, ఆపరేటింగ్ సిస్టమ్ మొదటినుంచీ కొత్తగా వేసిచ్చాడు. అతని షాపులో భేషుగ్గా నడిచింది. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర. డిస్కే లేదు పొమ్మంది.

బావగారికి ఇంతకన్నా ఏం కావాలి? ఆయన షాపులోనూ అలాంటి పాత కంప్యూటరే ఉంది, చక్కగా నడుస్తోంది.

"ఆడలేక మద్దెల ఓడని, ఇంకెన్నాళ్ళమ్మా ఈ తిప్పలు? మిషను నా షాపులో పెట్టు. నీ స్టూలు ఇంకా అక్కడే ఉంది," అన్నాడు, నవ్వుతూ.

ఆ నవ్వు చూసి టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఆదివారం లోపు ఇది నడవకపోతే వ్యాను తెచ్చుకోండి బావగారూ! మిషనుతో పాటు నేనూ ఎక్కుతా!" అనేసింది. పక్కనే ఉన్న మొగుడు నోట్లో నాలుక లేని మనిషి, కళ్ళతోనే వద్దని సైగ చేశాడు. అన్న మాట అన్నాక వెనక్కి తీసుకునే రకం కాదు ఈవిడ. మొండితనానికీ కొన్ని మర్యాదలుంటాయి మరి.

మళ్ళీ మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్ళింది. అతను సెట్టింగుల్లోకి వెళ్ళి కొత్త డిస్కును గుర్తించమని పెట్టి, సిస్టమ్ మళ్ళీ వేశాడు. నడిచింది. ఇంటికి తెచ్చింది. చచ్చింది.

"మీ ఇంటి గాలి పడట్లేదేమో అక్కా," అన్నాడు మెకానిక్కు.

"మా ఇంటి గాలికేం రోగం? పెన్‌డ్రైవు ఇలా ఇవ్వు. ఎలా వేస్తారో చూపించు."

ఇక తనే మొదలుపెట్టింది. సెట్టింగులు మార్చడం, డిస్కంతా తుడిచి సిస్టమ్ కొత్తగా వేయడం, నడిచిందని మురవడం, పక్కింటావిడ పిలిస్తే లేచి వెళ్ళడం, వచ్చేసరికి డిస్కు మాయం. మళ్ళీ మొదటికి. శనివారం వచ్చేసింది. "ఏమే దిక్కుమాలినదానా, నన్ను ఆ స్టూలు ఎక్కించాలనా నీ ఉద్దేశం?" అని దాని నెత్తిన ఒక్కటిచ్చింది. చెయ్యి నొప్పెట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఉక్రోషంతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ సెట్టింగుల తెర తెరిచింది. వెనక నుంచి అత్తగారు కళ్ళజోడు సవరించుకుని తొంగిచూసింది.

"ఏమిటే ఈ తారీఖు? ఆ ఏడు నాకింకా పళ్ళన్నీ ఉండేవి!"

నిజమే. పొద్దున సిస్టమ్ నడిచినప్పుడు తారీఖు సరిగ్గానే ఉంది. ఇప్పుడు ఎక్కడికో వెనక్కి పోయింది.

"పొద్దున బాగానే ఉందత్తయ్యా. మధ్యలో నేను ఇలా లేచి అలా వచ్చానంతే."

"నువ్వు లేచావు, నేను మెయిన్ ఆపాను. కొత్తా?"

కొత్త కాదు. ఎప్పుడో ఇస్త్రీపెట్టె ఆపడం మరిచి బావగారి షాపులో సగం గుడ్డలు తగలబడ్డాక ఈ ఇంట్లో అత్తగారు పెట్టిన నియమం అది. కుట్టేవాళ్ళు సీట్లోంచి లేచారా, గోడ మీద మెయిన్ స్విచ్చు ఆగాల్సిందే. కోడలు మరిచినా అత్తగారి చెయ్యి మరవదు.

టైలరమ్మ కాసేపు గోడగడియారం వైపు చూస్తూ కూర్చుంది. కరెంటు లేకపోయినా దానికి టైము గుర్తుంటోంది, సెల్లు ఉంది కాబట్టి. వెంటనే మెకానిక్కుకు ఫోను కొట్టింది.

"తమ్ముడూ, కరెంటు లేనప్పుడు తారీఖు గుర్తుపెట్టుకోడానికి దీని కడుపులో సెల్లు లాంటిదేమైనా ఉంటుందా?"

అవతల అతను నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "ఉంటుందక్కా! బొత్తాం లాంటిది. అది చచ్చిపోతే సెట్టింగులన్నీ మర్చిపోతుంది, డిస్కు కనపడదు. నా షాపులో మెయిన్ ఎప్పుడూ ఆపను, అందుకే నా దగ్గర బయటపడలేదు! సిస్టమ్‌కి ఏమీ కాలేదక్కా, ఊరికే తుడిచిపెట్టుకున్నాం."

అలాంటి సెల్లు ఎక్కడుందో అత్తగారికి తెలుసు. బరువు చూసుకునే మిషను తెచ్చి ఒళ్ళో పెట్టింది. "ఇందులోది పీక్కో. రోజూ నిజం చెప్పి నన్ను ఏడిపిస్తోంది, పీడా పోతుంది."

ఆ రాత్రే టైలరమ్మ సెల్లు మార్చి, తారీఖూ డిస్కు సెట్టింగులూ మళ్ళీ పెట్టింది. ఆదివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. బావగారు లోపలికి అడుగుపెట్టేసరికి మిషను టకటకా కుడుతోంది. ఆయన మొహం మాడింది గానీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"నడుస్తోంది సరే, ఆపితే చస్తుందటగా?" అని తనే వెళ్ళి మెయిన్ స్విచ్చు దించేశాడు.

మిషను ఆగింది. తెర నల్లబడింది. టైలరమ్మ మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఈవిడ మాత్రం చేతులు కట్టుకుని బావగారినే చూస్తూ నిలబడింది. ఆయన తాపీగా స్విచ్చు ఎత్తాడు. కంప్యూటరు బొత్తాం టైలరమ్మ నొక్కింది. ముసలిది మూలిగింది, గురగురలాడింది, తెర వెలిగింది. ఆ రోజు తారీఖుతో సహా.

"సర్లే," అన్నాడు బావగారు గొంతు సవరించుకుని. "వ్యాను దండగైంది."

"దండగెందుకు బావగారూ? ఆ స్టూలు ఇందులో పంపించండి," అంది టైలరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఇక్కడ నా కోసం వచ్చేవాళ్ళకు కూర్చోడానికి చాలట్లేదు."