మసిరాణి అక్కా, చెల్లెలా

దీవెన ఏం పని చేస్తుందో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు కారేపల్లిలో ఆమె ఉండే వీధిలో ఒక్కరూ లేరు. కంప్యూటర్ పని అంటారు కొందరు. బొమ్మల కథలు రాస్తుందంటారు ఇంకొందరు. నిజానికి ఆమె చేసేది హైదరాబాదు కంపెనీ ఒకటి పంపే ఇంగ్లీషు కామిక్సులో మాటల బుడగలు ఖాళీ చేసి, వాటిలో తెలుగు నింపడం. ఫోన్లో చదువుకునే కామిక్సు అవి. ఎగిరేవాళ్లు, గోడలు బద్దలు కొట్టేవాళ్లు, నగరాలను కాపాడేవాళ్లు పొద్దంతా కళ్ల ముందు కొట్టుకుంటుంటే ఇంకొకరికైతే ఒళ్లు పులకరించేది. దీవెనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అన్నం వార్చే మొహంతోనే "హ్హ హ్హ హ్హ" అని టైపు చేసి పక్క బుడగకు పోతుంది.

తల్లి పోయినప్పటి నుంచీ ఆమె అంతే. తింటుంది, పని చేస్తుంది, తండ్రికి మందులు అందిస్తుంది. ఏదీ రుచించదు, ఏదీ చేదుగానూ ఉండదు. ఆమె పనికి అదే కలిసొచ్చింది కూడా. అన్ని హత్యలు, అన్ని శాపాలు మనసుకు పట్టించుకుంటే ఎవరు రాయగలరు?

ఆ కామిక్సులో ఒక దుర్మార్గురాలుంది. ఇంగ్లీషు పేరు తెలుగులో నోరు తిరగదని దీవెనే ఆమెకు మసిరాణి అని పేరు పెట్టింది. ముట్టుకున్నదల్లా మసైపోతుంది. మొదటి వరస కథల్లో మసిరాణి ఉత్త రాక్షసి. ఊరి నీళ్లలో విషం కలిపి నవ్వడమే ఆమె పని. కొన్నేళ్లకు వేరేవాళ్లు గీసిన రెండో వరసలో అదే మసిరాణి ఒక ఫ్యాక్టరీ కూలి. మంటల్లో చిక్కుకుంటే, అందరినీ బయటికి మోసుకొచ్చిన నాయిక తారామణి ఈమెను మాత్రం మరిచిపోయిందట. ఇప్పుడొచ్చిన మూడో వరసలో తారామణిని చిన్నప్పుడు సాకింది మసిరాణే. ఎవరికి తోచినట్టు వాళ్లు ఆమెను మళ్లీ పుట్టించారు. మారనివి ఆ నల్లటి అరచేతులే. చదివేవాళ్లేమో ఏ మసిరాణి అసలుదని కింద కామెంట్లలో జుట్లు పట్టుకుంటున్నారు.

చిక్కు మసిరాణితో రాలేదు, ఒక్క మాటతో వచ్చింది. అన్ని వరసల్లోనూ మసిరాణి, తారామణి తోబుట్టువులే. ఇంగ్లీషువాళ్లకు సిస్టర్ అంటే చాలు, ముందు పుట్టిందో వెనక పుట్టిందో చెప్పనక్కరలేదు. మనకు అది తేల్చకుండా నోరు పెగలదు. బొమ్మలో మసిరాణి నాజూగ్గా ఉందని దీవెన అప్పట్లో ఆలోచించకుండా చెల్లెలు అని రాసేసింది. మొదటి రెండు వరసలూ అలాగే నడిచిపోయాయి. తీరా మూడోదాంట్లో చూస్తే, చంటిపిల్ల తారామణిని చంకనేసుకుని మసిరాణి గంజి తాగిస్తోంది. చంకనెత్తుకు సాకే చెల్లెలు ఏ లోకంలో ఉంటుంది?

దీవెన ఆ సంగతి ఎడిటర్ రామకృష్ణకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఆ చంకనెత్తుకున్న పేజీ తీసేద్దామన్నాడు. చెల్లెలనే ఉండనివ్వమన్నాడు.

"చెడ్డది చెల్లెలైతే ఇబ్బంది లేదండీ. అక్కంటే మనవాళ్లకు మనసొప్పదు. అక్కను వెలేస్తే ఎవరు చూస్తారు చెప్పండి?" అన్నాడు.

దీవెన మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసింది. వాళ్లింట్లో అక్కను వెలేసి రెండేళ్లవుతోంది. అందరి మనసులూ హాయిగానే ఒప్పుకున్నాయి.

ఆ అక్క పేరు సంపూర్ణ. భద్రాచలం అవతల ఒక అడవి పల్లె దవాఖానాలో నర్సు. తల్లి ఖమ్మంలో ఆస్పత్రి పాలైనప్పుడు తండ్రి, ఆయన పేరు ఆరోగ్యం, ఉపవాసముండి ప్రార్థన చేశాడు. ఆయన చర్చి సంఘ పెద్ద, మాటంటే మాటే. ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు తనతో మాట్లాడాడని, భార్య తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వస్తుందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. ఆ వారంలోనే సంపూర్ణ ఎవరి మాటా వినకుండా తల్లిని అంబులెన్సులో ఇంటికి తెచ్చేసింది. మర్నాడు తల్లి ప్రాణం పోయింది.

అప్పటి నుంచి సంపూర్ణ మీద తలా ఒక కథ. విశ్వాసం లేని పిల్ల దేవుని మాటకు అడ్డం పడిందని తండ్రి అంటాడు. సేవ చెయ్యలేక వదిలించుకుందని మేనత్త ఎస్తేరమ్మ అంటుంది. నర్సు కదా, ఏ సూదో వేసి ఉంటుందని వీధిలో గుసగుస. దీవెన ఏదీ నమ్మలేదు, ఏదీ కాదనలేదు. ఆమెకు అడగాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు ఇంట్లో తల్లి జ్ఞాపకార్థం పెట్టే ప్రార్థన కూడిక దగ్గరపడింది. సంపూర్ణ గడప తొక్కితే తాను లేచి బయటికి పోతానని ఆరోగ్యం ముందే చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం దీవెన రామకృష్ణతో మొండికేసి, పాత వరసలన్నీ తెరిచి, చెల్లెలున్న చోటల్లా అక్క అని మార్చింది. అరచేతుల మసి అలాగే ఉంది, నీళ్లలో విషమూ అలాగే ఉంది. అయినా ఆ మాట మారేసరికి మసిరాణి మొహంలో సంపూర్ణే కనిపించి చూడలేకపోయింది. పని ముగిశాక ఫోన్ తీసి సంపూర్ణకు చేసింది. రెండేళ్లలో అదే మొదటిసారి.

"అక్కా, కూడికకు రా. నాయినకు నేను చెప్పుకుంటా" అంది.

రాను, నువ్వు మంచిగ జరిపించు అంది సంపూర్ణ. అమ్మను ఎందుకు తెచ్చావని దీవెన అప్పుడడిగింది. అడిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

"ఇక చేసేదేం లేదని డాక్టర్ నాతోనే చెప్పిండు. అమ్మనడిగితే ఇంటికి తీస్కపొమ్మన్నది. నాయినకెట్ల చెప్పాలె? దేవుడు మాటిచ్చిండని గుడి నిండ చెప్పుకున్నడాయె."

"మరి నిన్ను గిట్లంటుంటే ఊకుంటివేంది?"

"ఎవరి మీదనో ఒకరి మీద కోపం పెట్టుకోవాలె గదనే ఆయన. నా మీద గాకపోతే దేవుని మీద పెట్టుకుంటడు. ఈ వయసుల గా నమ్మకం పోగొట్టుకుంటే నాయినకింకేముంటది? నా మీదనే ఉండనియ్యి. నువ్వు గూడ చెప్పకు."

కూడిక నాడు ఇల్లు నిండింది. తెల్ల చొక్కా వేసుకున్న ఆరోగ్యం కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. గొంతు మాత్రం వణకలేదు.

"దేవుడు నాకిచ్చిన మాట తప్పలే. మనిషే తప్పిచ్చింది. ఆయనకే స్తోత్రం" అన్నాడు.

దీవెన నోట్లో ఒక్క వాక్యం సిద్ధంగా ఉంది. ఆ ఒక్కటి చాలు, సంపూర్ణ వచ్చి ఈ చాప మీద కూర్చోవడానికి. తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి, అడిగినవన్నీ దొరికిన మనిషిలా నిలబడి ఉన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. దీవెన కూడా అంది. తన నోటితోనే అక్కను మళ్లీ బయటికి నెట్టినట్టయింది. రెండేళ్లుగా మొద్దుబారిన ఛాతీలో ఎక్కడో గట్టిగా నొచ్చింది.

పక్కనే కూర్చున్న ఎస్తేరమ్మ ఆమె మొహం చూసి భుజం మీద చెయ్యేసింది. "ఇప్పటికన్న తెలిసొచ్చిందా బిడ్డా, మీ అక్క ఎసొంటిదో" అని చెవిలో అడిగింది.

"అవ్ అత్తా, తెలిసొచ్చింది" అంది దీవెన.