పెద్దత్త జారుడుబల్ల ఎక్కిన ఆదివారం

ఇప్పుడంటే ఇంట్లో మగవాడు ఉప్మా చేస్తే ఫొటో తీసి చుట్టాలందరికీ పంపుకుంటున్నారు గాని, మా చిన్నతనంలో మగవాడు గరిట పట్టుకున్నాడంటే ఆ ఇంటికి ఏదో ఉపద్రవం వచ్చిపడిందనే అర్థం. పెళ్ళిళ్ళలో వండేది మగవాళ్ళే కదా అని ఎవరికీ తోచేది కాదు (నాకూ ఇప్పుడు రాస్తుంటేనే తోచింది). మా ఇంటికి వచ్చిన ఉపద్రవం ఏమిటంటే, మా అమ్మకు వరంగల్లులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. వెళ్ళనా మాననా అని అమ్మ తటపటాయిస్తుంటే, పిల్లలకు ఇంత అన్నం వండి పెట్టడం ఏమంత బ్రహ్మవిద్య అని నాన్న ధైర్యం చెప్పి రైలెక్కించి వచ్చాడు. ఆ సాయంత్రమే ఆయన వంటింట్లోకి వెళ్ళి, బియ్యం ఏ డబ్బాలో ఉంటాయని నన్ను అడిగాడు.

రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యోగం కోసం బందరు నుంచి రాజధానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్నకు గన్‌ఫౌండ్రీలో ఆఫీసు. మేముండేది అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళే దారిలో ఒక గల్లీలో, కింది వాటాలో. పై వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. ఆవిడను నేనూ మా తమ్ముడు బుడ్డోడూ మేడవ్వ అని పిలిచేవాళ్ళం. నాన్న కనిపెట్టిన వంట ఒకటే. కిరసనాయిలు స్టవ్వు మీద పెద్ద గిన్నె పెట్టి, బియ్యం, కందిపప్పు, ఆ పూట చేతికి దొరికిన కూరగాయ, ఉప్పు, పసుపు అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేయడం. వంట ఒకటే అయినా పేర్లు మాత్రం రోజుకొకటి. సొరకాయ పడితే సొరకాయ పొంగలి, టమాటా పడితే టమాటా విశేషం, అడుగంటితే కాల్చిన రకం, ఇంట్లో ఉన్నవన్నీ పడిపోతే స్పెషల్. మేమిద్దరం లొట్టలేసుకుంటూ తినేవాళ్ళం. మేడవ్వ పైనుంచి పచ్చడి తెచ్చి మా పక్కనే కూచునేది. "ఒక్క గిన్నెల అంతా అయిపాయె, తోముడు గూడ అల్కనే. గీ తెలివి మాకెందుకు రాలేదో సారూ," అని నిజంగానే బాధపడేది.

అంతా బాగుందనుకుంటుండగా, ఆదివారం పొద్దున బండికి పెద్దత్త దిగుతోందని కబురు వచ్చింది. పెద్దత్త అంటే నాన్నకు అక్క. తల్లి పోయిన నాన్నను చేతులమీద పెంచింది. చూడటానికి కాదు, మమ్మల్నిద్దర్నీ బందరు తీసుకుపోవడానికి వస్తున్నది. అన్నం లేక పిల్లలు ఎండిపోతున్నారని ఆవిడకు ఎవరో చెప్పారట. మేం బందరు వెళ్ళామని తెలిస్తే అమ్మ ట్రైనింగు ఒదిలేసి వచ్చేస్తుందని నాన్నకు తెలుసు, నాకు కూడా తెలుసు. ఆ మాట పైకి అనకుండా శనివారం సాయంత్రమంతా నాన్న వంటింటి గోడ తోమాడు. స్టవ్వు పొగకు నల్లబడ్డ గోడ, తోమేకొద్దీ ఆ నలుపు మిగతా గోడకంతా అంటుకుంది. చివరికి చీపురు పారేసి, అక్కను అసలు వంటింట్లోకి పోనీయకుండా స్టేషన్ నుంచి నేరుగా పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకుపోవాలని తీర్మానించాడు. గిన్నెతో సహా అక్కడికి వచ్చే భారం మేడవ్వ తీసుకుంది.

స్టేషన్‌లో పెద్దత్త దిగగానే ముందు నా దండ చేయి పట్టుకుని నొక్కి చూసింది, సంతలో బీరకాయ చూసినట్టు. ఇల్లు ఉక్కగా ఉంది, తోటలో చల్లగా భోంచేద్దామని నాన్న చెప్పిన మాట ఆవిడకు నచ్చలేదు గాని, రిక్షా అప్పటికే కదిలింది. అందరం ఒకళ్ళమీద ఒకళ్ళం కూచున్నాం. బుడ్డోడు అత్తకూ ట్రంకుపెట్టెకూ మధ్య నలిగిపోతున్నాడు. వాడికి మాటలు వచ్చింది మేడవ్వ ఒళ్ళోనే కాబట్టి ఆవిడ భాషే వాడి భాష.

"అత్తా, జర జరుగు," అన్నాడు.

పెద్దత్త గాభరాగా వాడి నుదుటిమీద చెయ్యి వేసింది. "ఒరే అబ్బాయ్, వీడికి జరమట్రా."

జర అంటే కొంచెమని నాన్న ఎంత విడమరిచి చెప్పినా ఆవిడ నమ్మలేదు. "ఒళ్ళు కాలకపోయినా సంధి మాటలు వస్తున్నాయి. ఇద్దర్నీ ఈ రాత్రి బండికే తీసుకుపోతున్నాను," అంది. నాన్న ముఖం వంటింటి గోడ రంగుకు వచ్చింది.

తోటలో చెట్టు కింద మేడవ్వ జంపఖానా పరిచి, విస్తళ్ళు వేసి మా కోసం ఎదురుచూస్తోంది. ఆ రోజు చేసింది స్పెషల్. పెద్దత్త వడ్డించడానికి అలవాటుగా గరిట అందుకోబోతే నాన్న ఇవ్వలేదు. ఆవిడ కాసేపు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూచుంది. ఆడుకునే వయసులోనే పెద్ద ఉమ్మడి కుటుంబంలోకి కోడలుగా వెళ్ళిన మనిషి, తనకు ఎవరైనా వడ్డించి ఎన్నాళ్ళయిందో. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేమిటి?" అంది. స్పెషల్ అన్నాడు నాన్న. ఆవిడ విస్తట్లోదంతా తింది. మారు వడ్డిస్తే వద్దనలేదు. అంతకు మించి ముఖంలో ఏమీ తెలియలేదు.

నాన్నా మేడవ్వా గిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయంలో బుడ్డోడి ఏడుపు వినిపించింది. పిల్లలు ఆడుకునేచోట సిమెంటు జారుడుబల్ల ఉంది. వాడు దాని కొన దాకా ఎక్కి, కిందికి చూసి, అక్కడే చతికిలబడ్డాడు. పెద్దత్త చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, దేవుడా దేవుడా అనుకుంటూ మెట్లెక్కింది. వాణ్ణి చంకనేసుకుని దిగుదామని వెనక్కు తిరిగితే, మెట్లనిండా పిల్లలు. ముందున్న వాడు చాలా మర్యాదగా, "అమ్మా, జల్ది జారున్రి. మా నంబరున్నది," అన్నాడు.

ఆవిడ "ఒరే అబ్బాయ్" అని నాన్నను కేకేసింది. నాన్న తడి గిన్నెతో పరుగెత్తుకొచ్చేసరికి పెద్దత్త కళ్ళు మూసుకుని, బుడ్డోణ్ణి ఒళ్ళో అదుముకుని కూచోవడం, చీర బుస్సుమనడం, ఇద్దరూ వచ్చి ఇసకలో కాళ్ళు చాపుకుని పడటం అన్నీ అయిపోయాయి. రాత్రి బండి దాకా కూడా ఆగదు, ఇప్పుడే తీసుకుపోతుందనుకున్నాను. ఆవిడ లేచి, చీరకు అంటిన ఇసక దులుపుకుని, ముడి సర్దుకుంది.

"వీడికి భయం పోలేదు. ఇంకోసారి తీసుకెళ్తాను," అంది.

"నాకేం భయం లేదు. నేనొక్కణ్ణే పోత," అన్నాడు బుడ్డోడు.

"ఉంది. నీకు తెలీదు," అని వాణ్ణి ఎత్తుకుని మెట్ల దగ్గరికి నడిచింది.

రెండోసారి కళ్ళు తెరిచే జారింది. మూడోసారి పైకెళ్ళాక గాని బుడ్డోణ్ణి కిందనే మరిచిపోయిన సంగతి ఆవిడకు గుర్తు రాలేదు. ఆ తర్వాత గుర్తు పెట్టుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "మీ అక్క మంచిగ జారుతున్నది సారూ," అని మేడవ్వ మెచ్చుకుని, తానూ కొంగు దోపింది. ఇద్దరు పెద్దవాళ్ళు లైనులో నిలబడటం చూసి తోటకు వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. మేడవ్వ ముందుకు జొరబడబోతే పెద్దత్త చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగవమ్మా, నా నంబరు," అంది. నాన్న గిన్నె బోర్లించి దానిమీద కూచుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

సాయంత్రం చుట్టుదారైనా అబిడ్స్ మీదుగా, కొట్ల దీపాలు చూసుకుంటూ నడిచి ఇంటికి వచ్చాం. పెద్దత్త నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. గోడ చూసింది. నాన్న గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. "నీ స్పెషల్‌లో కాస్త ఇంగువ వెయ్యి," అంది. గోడను వేలితో ఒకసారి రుద్ది చూసి, "పిల్లలు ఇక్కడే ఉంటార్లే. వాళ్ళమ్మను చదువుకోనీ. వీళ్ళు బాగా తిని ఆడుకుంటున్నారని బందరులో నేను చెప్తాను. ఎవరు ఆడుకున్నారో మాత్రం మీరెవరూ చెప్పక్కర్లేదు," అంది. రాత్రి బండికి ఒక్కతే వెళ్ళిపోయింది. అమ్మ ట్రైనింగు పూర్తిచేసుకుని వచ్చి, అబిడ్స్ దగ్గరి బడిలోనే చాలాకాలం పాఠాలు చెప్పింది. వంట మాత్రం ఆదివారాలు నాన్నదే, ఇంగువతో.

ఆ రోజుల్లో పెద్దత్త నా కంటికి పండు ముసలమ్మ. ఈమధ్య ఏదో మాటల్లో వయసులు వేసుకుంటూ చూస్తే, అప్పటికి ఆవిడకు నలభై కూడా నిండలేదని తేలింది. ఇప్పటి మా అమ్మాయికన్నా చిన్నది. మరి ఆ మధ్యాహ్నమంతా నువ్వేం చేశావని అడుగుతారేమో. నేను ఒక్కసారి కూడా జారలేదండీ. మూడో తరగతి దాటి నాలుగులోకి వచ్చిన దాన్ని, చిన్నపిల్లలతో కలిసి ఇసకలో దొర్లితే బాగుంటుందా? పెద్దత్త చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని, ఈ మనుషులెవరో నాకు తెలియనట్టు ముఖం పెట్టుకుని, చెట్టు పక్కన ఎంతో హుందాగా నిలబడ్డాను. నా జన్మలో నేనంత పెద్దదాన్నయింది ఆ ఒక్కరోజే.