ముందు పాత మిషన్‌లో

పాత కంప్యూటర్ మూత తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. తిరుమణి సోలార్ పార్కులో మా ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో ఏళ్ల తరబడి ఒక మూల కూర్చున్న ఆ మిషన్‌ను ఈ ఉదయం తీసేశాం. పీడ వదిలిందన్నారు తోటివాళ్లు. నాకు రత్నక్క గుర్తొచ్చి పని మీద చేయి ఆడలేదు.

రత్నక్క అప్పట్లో ఇక్కడ నాకు పై అధికారి. వాళ్ల నాన్న వేరుశనగ పండించిన చేను ఈ సోలార్ పలకల కిందే ఉంది. ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ఏ బ్లాకులో ఎంత కరెంటు పుడుతోందో నమోదు చేసే ప్రోగ్రామ్ బాధ్యత ఆమె చూసేది. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో బ్లాకులోని మిషన్‌ది ఒక్కో కాలం నాటి ఆపరేటింగ్ సిస్టమ్. అన్నిటి మీదా అదే ప్రోగ్రామ్ తయారు కావాలి. అందుకు ప్యాకేజ్ మేనేజర్ వాడేవాళ్లం. ప్రోగ్రామ్‌కు ఏ ముక్కలు, ఏ వెర్షన్‌వి కావాలో ఒక ఫైలులో రాసిపెడితే, అది చూసి ఏ మిషన్ మీదైనా అన్నీ తెచ్చి కూర్చే పనిముట్టు అది. రాసింది తెస్తుంది, రాయనిది తేదు.

అరసికెరె నుంచి బండి మీద వచ్చే నాకు డిగ్రీ ఉందన్న పొగరు కాస్త ఎక్కువే. మొదటి వారమే ఆమె దాన్ని దించింది. నా కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ తయారైందని చూపిస్తే తలెత్తి కూడా చూడలేదు.

"నీ దాంట్లో ఆడితే ఏమాయప్పా? మీ నాయన విత్తనం ఎట్ల చూస్తాడు?"

"తడి గోనెసంచిలో చుట్టిపెట్టి మొలక చూస్తాడక్కా."

"మా నాయన సన్న విత్తనాలే ఏరి పెడతా ఉండె. అవి మొలిస్తే తక్కినవి ఎట్లైనా మొలుస్తాయి. పో, ముందు ఆ మూల ఉండేదాంట్లో చూడు."

అప్పటి నుంచి అదే మా పద్ధతి. అన్నిటికంటే పాత మిషన్‌లో తయారు చేసి చూసి, నోటుబుక్కులో టిక్కు పెడితే ఆమె సంతకం చేసేది. ఆ తర్వాతే ప్రోగ్రామ్ బ్లాకులకు వెళ్లేది.

ఒక శుక్రవారం హొసకోటలో నా స్నేహితుడి నిశ్చితార్థం. పాత మిషన్‌లో తయారు కావాలంటే గంటన్నర పడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడింది కదా అని టిక్కు పెట్టేశాను. అంతకుముందెప్పుడో లైబ్రరీ అనే అలాంటి ముక్కనొకదాన్ని చేత్తో నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని, ఫైలులో రాయడం మరిచిపోయానన్న సంగతి అప్పుడు తట్టలేదు.

"పాతదాంట్లో చూసినావా మంజూ?"

"చూసినానక్కా."

ఆమె సంతకం పెట్టింది. ఆ లైబ్రరీ లేని పాత బ్లాకుల్లో ముందున్న ప్రోగ్రామ్ తొలగిపోయింది, కొత్తది సగంలో ఆగిపోయింది. సోమవారం దాకా అక్కడి రీడింగులు ఒక్కటీ నమోదు కాలేదు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చినాయన మీటింగు పెట్టి ఎవరు చూశారని అడిగాడు.

"సంతకం నాది సార్" అంది రత్నక్క.

నాకు నోరు పెగల్లేదని రాస్తే అబద్ధం. నేనే నోరు తెరవలేదు. ఆ ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఏడాదికి ధైర్యం చేసి రత్నక్కను చూడ్డానికి హొసకోట వెళ్లాను. చిన్న గదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతోంది. టీ తెప్పించింది.

"అక్కా, ఆ శుక్రవారం నేను..."

"తెలుసప్పా. సోమవారం పొద్దున్నే చూస్తి. ఆ మిషన్‌ను శుక్రవారం ఆన్ కూడా చేసిండ్లేదు."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చెప్తావని చూస్తా కూచుంటి."

కోపంగా అనలేదు. టీ చల్లారుతోందని గుర్తు చేసి పిల్లల వైపు తిరిగింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు ఆమె కుర్చీలో నేనున్నాను. అన్నిటిలో చూశామని నా కింద పనిచేసేవాళ్లు చెబితే, సరేనని, వాళ్లు వెళ్లాక మళ్లీ నేనే మొదటి నుంచీ చూసుకుంటాను. దాన్ని అందరూ జాగ్రత్త అంటారు. కాదు. ఎదుటి మనిషి చూశానంటే నమ్మడం నాకు ఇక చేతకాదు.