చదువు మా యారాలిని చంపలేదు

మా యారాలు పోయింది. యారాలంటే మా మరిది భార్య, నా తరువాత ఈ ఇంటికి వచ్చిన కోడలు. పొద్దున నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి సంతోష్‌నగర్‌లోని మా ఇంటి ముందు ఆటో ఆగి ఉంది, పక్కింటివాళ్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. గుండె ఆగిపోయిందని ఎవరో అన్నారు. చేతిలో సంచి దించకుండానే ఎవరిదని అడిగాను. మా ఇంట్లో గుండె బాగాలేనిది ఆమె ఒక్కతేనని తెలిసి కూడా అడిగాను.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఆమె కొడుకు ఒకటే మాట చెప్పాడు. ఈ వయసులో డిగ్రీ అని కూర్చుంది, పరీక్షల టెన్షనే అమ్మను తీసుకుపోయింది అని. విన్నవాళ్లు తలలూపారు, పోయి ఇంకొకరికి చెప్పారు. ఇప్పుడు మా బస్తీలో ఎవరిని అడిగినా అదే మాట. అందుకే ఇదంతా చెప్పవలసి వస్తున్నది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు, అంటే ఆ కొడుకు భార్య, రాస్తున్నది. నాకు పిల్లలు లేరు కాబట్టి మా ఇద్దరికీ వాడే కొడుకు, ఈమే కోడలు. మధ్యలో మెత్తగా మార్చబోతే, అన్నది అన్నట్టే రాయమన్నాను.

మా మరిది పోయాక ఉస్మాన్‌గంజ్‌లో తాళ్లు, సుతిలి, గోనెసంచులు అమ్మే మా దుకాణంలో యారాలే కూర్చుంది. బాగానే నడిపింది. కొడుకు పెద్దవాడై గల్లా దగ్గరికి వచ్చాక, ఆమె ఏది చెప్పినా నీకు బిజినెస్ తెలవదు అమ్మా అనడం మొదలుపెట్టాడు. ఇంకొకరైతే ఏడ్చేవారు, నాలాంటిదైతే నాలుగు తిట్టేది. ఈమె పోయి బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో పేరు రాయించుకుని వచ్చింది. పెళ్లికి ముందు ఇంటర్ పాసైంది కాబట్టి సీటు ఇచ్చారు. ఇంట్లో చదువుకోవాలి, ఆదివారాలు మాత్రం నయాపూల్ అవతల క్లాసులు. ఆ వయసులో పిల్లల్లా వీపుకు బ్యాగు తగిలించుకుని బస్సెక్కే ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది.

మండడానికి ఇంకా చాలా ఉంది. మనసులో చదువుకునే అలవాటు ఆమెకు లేదు. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉండేది. ఒక ముక్క పైకి చదివి, దాన్ని తెలుగు చేసి నాకు చెప్పేది. నేను చింతపండు గింజలు తీస్తున్నా వదిలేది కాదు, సీరియల్ చూస్తున్నా వదిలేది కాదు. నాకెందుకే ఈ లొల్లి అంటే నవ్వేది. "నీకు సమజైతే నేను పాసైనట్టే అక్కా" అనేది. సమజైందని అబద్ధం చెప్పి లేవబోతే, ఏం సమజైందో చెప్పమని చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. మా అత్తకు కూడా నేను ఇంత జవాబు చెప్పుకోలేదు.

ఒకరోజు ఇట్లాగే ఒక పాఠం తెచ్చింది. పనిచేసే మనిషికి పని చెప్పేవాళ్లు ఒక్కరే ఉండాలట, ఇద్దరుంటే పని చెడుతుందట. చదువుతూ చదువుతూ ఆగిపోయి వంటింటి వైపు చూసింది. అప్పుడు లోపల కోడలు పప్పూ పచ్చిపులుసూ రెండూ చేస్తున్నది. పప్పు నేను చెప్పింది, పచ్చిపులుసు యారాలు చెప్పింది. రోజూ అట్లాగే రెండూ చేసి, రెంటికీ ఇద్దరి చేతా మాట పడేది.

"అక్కా, ఈ పిల్లకు ఇద్దరు అత్తలమున్నం. గిట్లయితే ఏ కంపెనీ నడవది" అన్నది.

"అయితే నువ్వు నోరు మూసుకో. పెద్దదాన్ని నేనున్న."

"నువ్వూ వద్దు, నేనూ వద్దు. వంటిల్లు దానిది. అది ఏం వండితే గది తిందాం."

నేను అలిగాను. పుస్తకం వచ్చి నా వంటిల్లు లాక్కుందని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. కానీ అప్పటి నుంచి ఆ కోడలు గొంతు ఇంట్లో వినిపించడం మొదలైంది. తరువాత ఒకనాడు నేనూ చదువుతానన్నది. యారాలే వెంట తీసుకుపోయి చేర్పించింది. ఆ పైన నాకు పాఠాలు రెండు పక్కల నుంచి.

ఇక ఆమె మొండితనం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చివరి ఏడాదిలో ఒక్క పేపరు తప్పింది. సరుకుకు ధర ఎట్లా నిర్ణయిస్తారని అడిగారట. ఈ మహాతల్లి పుస్తకంలోది వదిలిపెట్టి బోణీ గురించి రాసి వచ్చింది. పొద్దున మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపం, లాభం లేకున్నా ఇచ్చేస్తాం, ఆ మనిషి వెనక్కి పోతే దుకాణదారు ముఖం మాడిపోతుంది, ఆ ముఖం చూసి రెండో గిరాకీ కూడా పోతాడు అని పేజీల కొద్దీ రాసిందట. కొడుకు పడి పడి నవ్వాడు. నేను తిట్టాను. పేపరు దిద్దే ఆయన నీ దగ్గర సుతిలి కొనడానికి వచ్చాడా, అడిగింది రాసి బయటపడక అన్నాను.

"నేను రాసింది తప్పు కాదక్కా. పుస్తకంల మన దుకాణం లేదు, గంతే."

అరిచి అరిచి నేనే అలసిపోయాక ఒక రాజీకి వచ్చింది. ఈసారి ముందు పుస్తకం మాట రాస్తుంది, కింద జాగా మిగిలితే బోణీ రాస్తుంది. హాల్‌టికెట్ వచ్చింది. ఆమె పోయింది. ఆ ఒక్క పేపరు దాకా ఆగితే నీ సొమ్మేం పోయేదే అని దీపం పెట్టిన ప్రతిసారీ ఫొటోను అడుగుతున్నాను.

దినాలు అయిన మరునాడు కొడుకు ఆమె పుస్తకాలన్నీ మూట కట్టి, పాత పేపర్లవాడికి వేస్తానని కిందికి తెచ్చాడు. భార్యను పిలిచి, "నీయి గూడ తెచ్చి గిండ్ల పెట్టు. ఈ ఇంట్ల చదువు బంద్" అన్నాడు. కోడలు నా వైపు చూసింది.

"మూట ఇప్పు బిడ్డా" అని వాడితో అన్నాను.

"చదువు సంగతి నీకేం తెలుసు పెద్దమ్మా?"

"చదువు తెల్వది. మీ అమ్మ తెలుసు. గుండె మంచిగ లేదని డాక్టరు చెప్పిననాడు పక్కన కూసున్నది నేను. గప్పటికి ఆమె కాలేజి మొఖమే చూడలే. నువ్వు ఫికర్ జేస్తవని చెప్పనియ్యలే."

వాడు మూటను గోడ పక్కన దించాడు. నాకు జాలి వేసింది. అట్లాగని కోపం తగ్గలేదు. తల్లి పోయినవాడికి ఎవరినో ఒకరిని అనాలని ఉంటుంది. పుస్తకాలైతే ఎదురు చెప్పవు.

బస్తీవాళ్లకూ అదే చెబుతున్నాను. మధ్యాహ్నం దుకాణం నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చిన మనిషి, పుస్తకం తెరవగానే ఎట్లా హుషారయ్యేదో రోజూ చూసినదాన్ని నేను. చదువు ఆమెను చంపలేదు. ఆ చదువుతో ఆమె చంపుకుతిన్నది నన్ను. ఇప్పుడు మధ్యాహ్నాలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటున్నది, సీరియల్‌లో వాళ్లు మాట్లాడేది మొత్తం వినిపిస్తున్నది, నాకది నచ్చడం లేదు.

నిన్న కోడలు క్లాసుకు బయలుదేరింది. వాడు వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. ఆ పిల్ల గేటు దాటిపోయాక వంటింట్లోకి పోయి, చాయ్ పత్తి ఎక్కడుందని నన్ను అడిగాడు. నాకు తెలుసు. చెప్పలేదు. తలుపు పక్కన పీట వేసుకుని చూస్తూ కూర్చున్నాను. వాడు ఒక డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి, పక్క డబ్బా మీద చెయ్యి వేశాడు.